కంచె అవతలి ఊరు

ఇంటి నుంచి,
వానలు పట్టుకున్న రోజులు

తమ్ముడూ,

నువ్వెలా ఉన్నావని అడగను. అడిగితే "బ్రహ్మాండంగా ఉన్నాను" అని రాస్తావు, నేను నమ్మను, ఇద్దరికీ సిరా దండగ. ఇక్కడి సంగతులే చెబుతాను.

కంచె పూర్తయింది. పోయినసారి నువ్వు సెలవుకి వచ్చినప్పుడు స్తంభాలు దింపుతున్నారు కదా. సరిహద్దు ఏరు కాబట్టి కంచె ఏటి పక్కనే వేస్తారనుకున్నాం. గట్టు మెత్తగా ఉందట, స్తంభాలు నిలవవట. అందుకని వెనక్కి జరిగి జరిగి, మన వీధి చివర మంగలి బాబాయి కొట్టు గోడని ఆనుకుని వేశారు. ఇప్పుడు పొలాలన్నీ అవతల. మీ బావ గేదెల పాక అవతల. ఏడిళ్ళు కూడా అవతలే, అందులో పిన్ని ఇల్లొకటి.

మధ్యలో ఒక ఇనప గేటు. పొద్దెక్కాక తెరుస్తారు, పొద్దు వాలకముందే మూస్తారు. గేదెలకి వాళ్ళ టైము తెలియదు కదా. పొదుగులు బిగిసి అవి అవతల అరుస్తుంటే, మీ బావ ఇవతల నిలబడి "వస్తున్నానే తల్లీ, వస్తున్నా" అని వాటికి సర్దిచెబుతుంటాడు. కాపలా వాళ్ళు పళ్ళికిలిస్తారు.

దానికీ అలవాటు పడ్డాం. కానీ నిన్న కాపలా వాళ్ళ ఆఫీసరు ఊరందరినీ బడి దగ్గరికి పిలిపించి ఒక ఉత్తర్వు చదివాడు. చలికాలం మొదలవగానే గేటు మూసేస్తారట. ఇక తెరవరట. పొలాల సంగతి తర్వాత చూస్తారట. ఏడిళ్ళ వాళ్ళూ మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్లలోకి మారాలట.

పిన్ని లేచింది. "నాయనా, నా ఇల్లు ఏం తప్పు చేసింది?"

"తప్పని కాదమ్మా, భద్రత కోసం."

"ఎవరి నుంచి? ఏటవతల వాళ్ళ నుంచా? వాళ్ళ మేకలు దారి తప్పి వస్తే తోలి పంపేది నేనే. ఇన్నేళ్ళలో నా ఇంట్లో పోయిందల్లా ఒక్క చెంబు. అదీ నీ మనిషే పట్టుకుపోయాడు."

ఊరంతా గొల్లుమంది. ఆఫీసరు మొహం మాడిపోయింది. "ఏడు కొంపలు కలిస్తే ఊరవుతుందా? ఏడు కొంపల కోసం సర్కారు ఆగుతుందా?" అన్నాడు.

అమ్మ పోయాక పిన్ని మనిద్దరికీ తల దువ్వి బడికి పంపింది ఆ ఏడింట్లో ఒక కొంప నుంచే. అది ఆయనకి తెలియదు, నీకు తెలుసు. నువ్వూ ఆ బట్టలే వేసుకుని, ఎక్కడో కొండల్లో ఇలాంటి గేటు దగ్గరే నిలబడతావు కాబట్టి అడుగుతున్నా. వీళ్ళ బుర్రల్లో ఏముంటుంది? ఏం చేస్తే ఆగుతారు?

మీ అక్క

బావమరిదీ, ఎప్పట్లాగే నాకు అడుగున రెండు వేళ్ళ చోటు వదిలింది మీ అక్క. గేదెలు క్షేమం. నేను కూడా. మీ అక్క మాత్రం కత్తెర పట్టుకుని ఏదో ఆలోచిస్తోంది. నాకు భయంగా ఉంది.
మీ బావ

*

కొండ మీద క్యాంపు నుంచి

అక్కా,

బ్రహ్మాండంగా ఉన్నాను. (నమ్మకు.)

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. వాళ్ళ బుర్రల్లో ఏమీ ఉండదు. గేటు దగ్గర నిలబడేవాడికి నీ మీద కోపం ఉండదక్కా, కాళ్ళ నొప్పులుంటాయి. పైనుంచి మాట వస్తుంది, తాళం తిప్పుతాడు. పైవాడికి ఇంకా పైనుంచి వస్తుంది. ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. అలాంటి దానితో దెబ్బలాడటమంటే గోడకి తల కొట్టుకోవడమే. గోడకేం నొప్పి?

పిన్నికి నచ్చజెప్పు. షెడ్డుకి మంచి రేకులు వేయించండి, కిటికీ కావాలని అడగండి. అడిగితే కిటికీ ఇస్తారు, అడక్కపోతే అదీ ఇవ్వరు. నేను చూసిన చోట్ల అందరూ మొదట అరిచారు, తర్వాత మారారు, ఇప్పుడు అలవాటైపోయింది.

ఇంకో మాట. వచ్చే నెల ప్రమోషన్ వచ్చి నా భుజం మీద ఇంకో పట్టీ పడే అవకాశం ఉంది. మా ఇన్‌ఛార్జి తన నోటితో తనే చెప్పాడు. ఇలాంటప్పుడు మన ఇంటి పేరు ఏ గొడవలోనూ వినపడకపోతే మంచిది. నీ ముక్కు మీద కోపం నాకు తెలుసు. కాస్త ముక్కు మూసుకో.

తమ్ముడు

బావా, ఆ కత్తెర దాచెయ్.

*

పిన్ని ఇంటి వసారా నుంచి,
కంచె అవతల

తమ్ముడూ,

పైన చిరునామా చూశావా? మళ్ళీ చదువు.

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. కిటికీ మాట రాగానే ఆవిడ లేచి వెళ్ళి తన ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచింది. "వాడికి చెప్పు, నాకు కిటికీలున్నాయని" అంది. ఆ మాట నీకు చేరవేశాను, నా పని అయిపోయింది.

ఇక నా సంగతి. ఆ రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. ఏడిళ్ళు ఊరు కాదు, నిజమే. మరి ఊరంటే ఏమిటి? మిషన్ ఎక్కడుంటే బట్టలు అక్కడికొస్తాయి. కత్తెర ఎక్కడుంటే తలలు అక్కడికొస్తాయి. ఊరంటే అదే కదా! తెల్లారగానే నా కుట్టుమిషన్ తోపుడుబండి మీదకి ఎక్కించాను. మీ బావ "ఎక్కడికే?" అన్నాడు. "దుకాణం మారుస్తున్నా" అన్నాను. ఆయన నా మొహం చూసి, వెనక నుంచి బండి తోశాడు. మనిషిని కట్టుకుంటే అలాంటివాణ్ణి కట్టుకోవాలి.

గేటు దగ్గర కాపలా మనిషి "ఇదెక్కడికి?" అన్నాడు. "అవతల ఉండకూడదని ఉత్తర్వు చలికాలం నుంచి కదా, ఇప్పుడు వానాకాలం" అన్నాను. పాపం, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని వదిలేశాడు.

మిషన్ పిన్ని వసారాలో వేశాను. ఏటి గాలి తగులుతూ ఉంటుంది. అసలు తమాషా ఏమిటంటే, ఈ కాపలా వాళ్ళందరి బట్టలూ కుట్టేది నేనే. చిరిగిన ప్యాంట్లు, ఊడిన గుండీలు, పొట్ట పెరిగితే నడుం వదులు చేయడాలు. ఇప్పుడు గుండీ కావాలంటే వాళ్ళ గేటు వాళ్ళే తీసుకుని అవతలికి రావాలి. వస్తున్నారు. వసారాలో బల్ల మీద బుద్ధిగా కూర్చుంటున్నారు.

నన్ను చూసి మంగలి బాబాయి కుర్చీ, అద్దం మోసుకొచ్చాడు. "నా కొట్టు గోడకే కంచె కట్టారు, ఆ గోడ మొహం చూడబుద్ధి కావట్లేదే అమ్మాయ్" అన్నాడు. నిన్న ఆఫీసరు గారి గడ్డం పెరిగిపోయి ఉంది. తెగ గోక్కుంటున్నాడు.

నీ పట్టీ సంగతి నాకు మంచి కబురే. అది వస్తే చొక్కా పంపు, కుట్టి పెడతాను. కానీ ముక్కు మూసుకుని ఎంతసేపుంటాం రా? ఊపిరాడాలి కదా.

అక్క

బావమరిదీ, కత్తెర దాచాను. మిషనే ఎత్తుకుపోయింది.
మీ బావ

*

సరిహద్దు రక్షణ శిబిరం నుంచి

గౌరవనీయులైన సోదరి గారికి,

తమరు ప్రభుత్వ ఉత్తర్వులకు విరుద్ధముగా ప్రజలను ప్రేరేపించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్టి చర్యలు దేశ భద్రతకు భంగకరము. తమరు తక్షణమే సదరు ప్రాంతమును ఖాళీ చేసి, అధికారులకు సహకరింపగలరని కోరుచున్నాను. లేనియెడల కలుగు పరిణామములకు తమరే బాధ్యులగుదురు. కుటుంబ గౌరవమును దృష్టిలో ఉంచుకొనవలసినదిగా మనవి.

ఇట్లు,
తమ సోదరుడు

*

పిన్ని ఇంటి వసారా నుంచి

తమ్ముడూ,

ముందు నీ భుజం వెనకాల నిలబడి ఈ ఉత్తరం చెప్పి రాయించిన పెద్దమనిషికి నాలుగు మాటలు. మళ్ళీ ఆయనే ముందు చదువుతాడు కదా.

అయ్యా, మా వాడు పుట్టిన దగ్గర్నుంచి నన్ను "తమరు" అన్న పాపాన పోలేదు. "కోరుచున్నాను" అనే మాట వాడికి రాదు. వాడికి ఏదన్నా కావాలంటే కోరడు, లాక్కుంటాడు. అక్కకి బెదిరింపు రాయించాలంటే ముందు అక్క గురించి కాస్త కనుక్కోవలసింది. మా వాడి చేత చెప్పించే మాట మాకు వినపడదు. మీకు నాతో పనుంటే మీ పేరుతో మీరే రాయండి, జవాబిస్తాను. నా చేతిరాత బాగుంటుంది.

ఇక నీకు. కంగారు పడకు. ఇక్కడంతా బాగానే ఉంది. పంతులు గారు పెద్ద పిల్లల్ని తెచ్చి ఏటి గడ్డ మీద చదువు చెబుతున్నారు. ఆయన మొదట "నేను ప్రభుత్వ ఉద్యోగిని" అంటూ నీళ్ళు నమిలారు. పిన్ని "ప్రభుత్వం పాఠం చెప్పమందా, ఫలానా గోడల మధ్యే చెప్పమందా?" అని అడిగింది. మర్నాడు నల్లబల్ల మోయించుకుని వచ్చారు. పిండిమర అతను ఇంకా ఊగుతున్నాడు. వాళ్ళావిడకి ఇష్టం లేదు. ఆవిడ్ని తప్పు పట్టను, చంటిపిల్లలున్నారు.

పొద్దున మంచు కమ్ముతోంది. స్వెట్టరు వేసుకుంటున్నావా?

అక్క

*

మిలిటరీ సామాన్ల లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.
క్యాంపు పోస్టులో వెయ్యలేదు

అక్కా,

నువ్వు పట్టేస్తావని తెలిసే ఆ చెత్తంతా మాట మార్చకుండా ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇన్‌ఛార్జి నీ జవాబు చదివి చెవులు ఎర్రబడి కూర్చున్నాడు. చివరికి "మీ అక్క ఏం చదువుకుంది?" అన్నాడు. "కొలతలు" అన్నాను.

నవ్వు అక్కడితో అయిపోయింది. "అక్క కావాలో, పట్టీ కావాలో తేల్చుకో. ఆవిడతో నాకు సంబంధం లేదని నలుగురి ముందు చెప్పు, చాలు" అన్నాడు. ఆలోచించుకుంటానన్నాను. నిజం చెబుతున్నా, వెంటనే కాదనలేకపోయాను. ఏళ్ళ తరబడి చలిలో నిలబడితే ఆ గుడ్డముక్క మీద ఆశ పుడుతుందక్కా.

కానీ ఇది అందుకు రాయట్లేదు. నీ ఉత్తరం అడుగున బావ రెండు ముక్కలు లేవు. చోటు కూడా వదల్లేదు నువ్వు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన రాయని ఉత్తరం నాకు రాలేదు. పైగా ఆ ఉత్తరంలో ఎక్కడా గేదెల ఊసే లేదు, బావ ఊసే లేదు. స్వెట్టరు మాట ఉంది. నువ్వు ఏదన్నా దాస్తున్నప్పుడే నా స్వెట్టరు గుర్తొస్తుంది నీకు.

బావకేమైంది? సూటిగా రాయి.

తమ్ముడు

*

పిన్ని ఇంటి నుంచి

తమ్ముడూ,

సూటిగానే రాస్తున్నా.

నీ దొంగ ఉత్తరం రాకముందు సంగతి ఇది. ఒక మధ్యాహ్నం ఆఫీసరు మనుషులు పిన్ని ఇంటి కప్పు విప్పడానికి నిచ్చెన వేసుకుని వచ్చారు. కప్పు లేకపోతే ముసల్ది తనే కదులుతుందని లెక్క. నేను మిషన్ మీద ఉన్నాను. మీ బావ పాలబిందెతో వస్తున్నాడు. ఆయన గొంతు పెంచడం ఎరుగుదువా ఎప్పుడైనా? బిందె కింద పెట్టి, వెళ్ళి ఆ నిచ్చెన పట్టుకున్నాడు. అంతే. తిట్టలేదు, తొయ్యలేదు. "దిగండి బాబూ, లోపల మనుషులున్నారు" అన్నాడు. ఒకడు లాఠీతో ఆ చేతి మీదే కొట్టాడు. నిచ్చెన వదల్లేదని మళ్ళీ కొట్టాడు. కుడి మణికట్టు విరిగింది. ఆ చప్పుడు నాకు వినపడింది.

అప్పుడు నేనేం చేశానో గుర్తు లేదు. చూసినవాళ్ళు చెబుతారు, నేను నిచ్చెన ఎక్కి కప్పు మీద కూర్చున్నానని, కింద ఎవరు పిలిచినా దిగలేదని. ఆ నిచ్చెన పైకి లాగేసుకున్నానట కూడా. పిన్ని గుమ్మంలో కూర్చుని కొట్టినవాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తిట్టని పిన్నిని చూడటం నాకదే మొదటిసారి. వాడి చొక్కాకి భుజం అతుకు నేనే వేశాను తమ్ముడూ, అంతకు వారం ముందు. కాసేపటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆయన చెయ్యి సిమెంటు కట్టులో ఉంది. రాయలేడు, పాలు తియ్యలేడు. నేను తీస్తున్నాను. ఆ రోజు గేదెల మధ్య కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్ళిపోదాం, ఇదంతా నా పొగరు వల్లే వచ్చిందన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "విరగ్గొట్టించుకున్న చెయ్యి వృథా చేస్తావా? ఇప్పుడు వెళితే ఇది ఉత్త దెబ్బ అవుతుంది" అన్నాడు.

నీకు రాస్తే నువ్వు అక్కడ తుపాకీ పక్కన పెట్టుకుని ఏం ఆలోచిస్తావో అని దాచాను. పట్టీ కూడా పోతుందని దాచాను. తేల్చుకోమన్నాడు కదా మీ ఇన్‌ఛార్జి. "అక్కతో సంబంధం లేదు" అని చెప్పెయ్, నేనేమీ అనుకోను. మాట అంటే తెగిపోయేది కాదిది.

ఇష్టం లేదని రాశానే, ఆ పిండిమర వాళ్ళావిడే ఆ విరిగిన చెయ్యి చూసి మొన్న ముందుగా మూట కట్టింది. ఏడిళ్ళు ఊరు కాదన్నాడు కదా, గేటు మూసే రోజుకి ఊరు ఊరంతా ఇటే ఉంటాం. ఆ తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు. తాడో పేడో.

అక్క

*

కొండ మీద క్యాంపు నుంచి,
మామూలు పోస్టులోనే వేస్తున్నాను, చదువుకోనీ

అక్కా,

నీ ఉత్తరం చదివి బయటికి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. డ్యూటీ లేదు, ఊరికే నిలబడ్డాను. ఆ లాఠీ మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు. రోజూ అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటాను కదా.

మర్నాడు డ్యూటీలో ఉండగా, గేటు మూసేశాక గొర్రెల మనిషి ఒకావిడ వచ్చింది. మంచులో వెనకబడిపోయిందట. గొర్రెలు, వెనకాల ఒక కుంటి కుక్క. టైము దాటిపోయింది. నిన్న మొన్నటిదాకా అయితే "రేపు రా" అనేవాణ్ణి. చాలామందిని అన్నాను. వాళ్ళు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో ఎప్పుడూ అడగలేదు. తాళం తీశాను. ఆవిడ థాంక్స్ కూడా చెప్పలేదు, గొర్రెల్ని తోలుకుంటూ పోయింది. చెప్పాల్సిన అవసరమేముంది, అది ఆవిడ దారి.

ఇన్‌ఛార్జి పిలిచాడు. నలుగురి ముందే అడిగాడు. "ఆవిడ మా అక్క" అన్నాను. పట్టీ వేరేవాడికి వెళ్ళింది. నన్ను బొగ్గు గోదాముకి మార్చారు. వెచ్చగానే ఉంది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. గేటు శాశ్వతంగా మూసేటప్పుడు మాకొక నియమం ఉంది. అవతల ఒక్క మనిషి ఉన్నా తాళం వెయ్యకూడదు. వేస్తే, ఆ మనిషికి జబ్బు చేసినా, ఆకలైనా, చచ్చినా, తాళం వేసిన ఆఫీసరే జవాబుదారీ. అందుకే వాళ్ళకి మిమ్మల్ని ముందు కదిలించాలని అంత తొందర. మీరు కదలకపోతే అతని చెయ్యి తాళం మీదకి వెళ్ళదు. ఆ మాట అతని మొహం మీద చెప్పు. ఎవరు చెప్పారని అడిగితే నా పేరే చెప్పు. పోయేది ఎలాగూ పోయింది.

గోడకేం నొప్పి అని రాశాను నీకు. తప్పు. గోడ కాదక్కా అది, మనుషులే ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. ఒక్కడు పక్కకి జరిగితే వెలుతురు కనిపిస్తుంది.

బావ చేతిని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. నవ్వితే నవ్వనీ.

తమ్ముడు

*

పిన్ని ఇంటి పక్క నుంచి,
చలి తగ్గుతోంది

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకుని ఉంటావు. రాయడానికి తీరిక లేదు, తిండికే లేదు.

గేటు మూసే రోజు ఆఫీసరు జీపులో వచ్చాడు. ఊళ్ళోకి వెళితే ఒక్క పొయ్యి పొగ లేదు. తలుపులు తీసే ఉన్నాయి. కుక్కలు కూడా మాతోనే వచ్చేశాయి. మేమంతా ఇటు, పొలాల్లో, ఏడిళ్ళ వసారాల్లో, గేదెల పాకలో. ఆయన గేటు దగ్గరికొచ్చి మైకులో అరిచాడు, అందరూ లోపలికి రావాలని. పిన్ని గేటు దాకా నడిచి వెళ్ళింది. "లోపల ఎవరూ లేరు బాబూ, నువ్వే ఉన్నావు. తాళం వేసుకుని జాగ్రత్తగా పడుకో. కావలసింది భద్రతే కదా" అంది.

నీ మాట నేను చెప్పాను, అక్షరం పొల్లు పోకుండా. "ఇంతమందికీ మీరే జవాబుదారీ" అన్నాను. ఎవరు చెప్పారన్నాడు. "మా తమ్ముడు" అన్నాను. గొంతు కాస్త ఎక్కువే లేచింది, గర్వం ఆగలేదు. ఆయన చేతిలో తాళం అటూ ఇటూ తిప్పి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

అక్కడితో గెలిచామనుకోకు. ఇల్లు అలకగానే పండగ కాదు. కరెంటు తీసేశారు. మంచులో పిల్లలు దగ్గారు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. అందులో ఒకతి నేనే. రెండు కుటుంబాలు చంటివాళ్ళతో లోపలికి వెళ్ళిపోయాయి, వాళ్ళకి మేమే మూటలు మోశాం. కొన్ని పొద్దులు నాకే అనిపించింది, ఎవరి కోసం ఇదంతా అని. అలాంటప్పుడు మీ బావ ఎడమ చేత్తో పాలు తీయడం నేర్చుకుంటూ సగం తన చొక్కా మీదే పిండుకుంటూ కనిపించేవాడు. నవ్వొచ్చేది. ఇంకో రోజు గడిచేది.

లోపల కాపలా వాళ్ళ సంగతీ అంతంతే. పాలు లేవు, టీ లేదు, గడ్డాలు మాసిపోయాయి. ఒకరిద్దరు కుర్రాళ్ళు దొంగచాటుగా వచ్చి గుండీలు కుట్టించుకున్నారు. కుట్టాను. నిచ్చెన దగ్గర కొట్టినవాడూ వచ్చాడు. వాడికి సూదీ దారం చేతిలో పెట్టి "నువ్వే కుట్టుకో" అన్నాను. తలొంచుకుని అక్కడే కూర్చుని కుట్టుకున్నాడు. వంకరగా వచ్చింది.

చివరికి పై ఆఫీసు నుంచి తల నెరిసిన పెద్దాయన ఒకరు చూడ్డానికి వచ్చారు. పొద్దుటి నుంచీ టీ దొరకలేదట, నడుచుకుంటూ ఇటే వచ్చి పిన్ని వసారాలో కూర్చున్నారు. పిన్ని గ్లాసు చేతికిచ్చి, "తాగండి. తాగి చెప్పండి, నేనిప్పుడు ఎవరి దేశంలో కూర్చున్నాను?" అంది.

"మన దేశంలోనే అమ్మా."

"మరి కంచె నా వెనకాల ఎందుకుంది?"

ఆయన టీ చల్లారేదాకా ఏటి వైపు చూస్తూ కూర్చున్నారు.

నిన్న ఉత్తర్వు వచ్చింది. షెడ్లలోకి మార్చడం నిలిపివేశారు. గేటు తెల్లవారకముందే తెరవాలి, చీకటి పడ్డాక మూసినా పిలిస్తే తీయాలి. కరెంటు వచ్చింది. ఆఫీసరుకి బదిలీ. మీ బావ చేతికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎముక కాస్త వంకరగా అతుక్కుంది. చలేస్తే నొప్పంటాడు.

అందరూ మూటలు సర్దుకుని లోపలికి వెళుతున్నారు. మంగలి బాబాయి కుర్చీ మోసుకుపోయాడు. నేను వెళ్ళట్లేదు. నిలిపివేత అన్నారు కానీ రద్దు అనలేదు. ఏడిళ్ళకి ఇంకో ఇల్లు తోడుండాలి. పిన్ని పెరటి పక్కన రెండు గదులు వేస్తున్నాం. మీ బావ "మళ్ళీ ఇల్లు మారాలా?" అని గొణుగుతూనే మంచం మోసుకొచ్చాడు. మా గుమ్మం ఏటి వైపు పెట్టాం.

సెలవు దొరికితే రా. కొత్త పట్టీ పడని భుజాన్ని చూసి పిన్ని రెండు తిట్లు తిడుతుంది, అన్నం పెడుతుంది. గేటు దగ్గర ఎవడో కొత్తవాడు ఎక్కడికని అడుగుతాడు. ఆగకు. నడుస్తూనే చెప్పు, "మా ఊళ్ళోకి" అని.

అక్క